బధిర సభ్యుల మధ్య మిషనరీ వారం: ఏ రోజు ఏం చూసుకోవాలి

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోర్మన్ సంఘం నడిపే ప్రోవో శిక్షణ కేంద్రంలో అమెరికన్ సైగల భాష నేర్చుకుని వచ్చిన కొత్త మిషనరీకి పదాలు వచ్చేసి ఉంటాయి. రానిది చూడటం. ఎదుటి మనిషి చేతుల మీదే కళ్లు పెట్టి ముఖాన్ని వదిలేస్తారు. కానీ ఈ భాషలో వ్యాకరణం సగం ముఖంలోనే ఉంది. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేస్తాయి, ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడిగేటప్పుడు ముడిపడతాయి. చూపు ముఖం మీదే నిలపండి. చేతులు చూపు అంచున వాటంతటవే అందుతాయి.

ముందుగా పేరు సంగతి. మోర్మన్లు అని లోకం పిలిచే ఈ సంఘం 2018 నుంచి తన పూర్తి పేరునే వాడమని గట్టిగా కోరుతోంది: యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. బధిరుల కోసం ఇందులో ప్రత్యేక స్థానిక సమాజాలు ఉండటం కొత్తేమీ కాదు. యూటాలోని ఆగ్డెన్‌లో బధిరుల బ్రాంచి (చిన్న స్థానిక సమాజం) 1917లోనే మొదలైంది. కాబట్టి మీకు ఎదురయ్యే పెద్దల్లో కొందరు సైగల్లోనే సువార్త విని పెరిగినవాళ్లు. వాళ్లకు మీరు నేర్పేదానికన్నా వాళ్ల దగ్గర మీరు నేర్చుకునేదే ఎక్కువ.

సోమవారం సాధారణంగా సన్నాహక దినం. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు కొనడం, ఇంటికి ఫోన్ చేయడం (2019 నుంచి వారానికోసారి చేయొచ్చు) సాయంత్రం ఆరు లోపల ముగించాలి. ఈ రోజే వారమంతటి అపాయింట్‌మెంట్లకు మెసేజ్‌లు పంపండి. ముఖ్యమైన విషయమైతే వీడియోలో సైగ చేసి పంపడమే మేలు. చాలామంది బధిర పెద్దలకు ఇంగ్లిష్ రెండో భాష. పొడుగాటి ఇంగ్లిష్ మెసేజ్‌లో అసలు విషయం జారిపోతుంది.

వీడియో కాల్‌కు ఫోన్‌ను చేత్తో పట్టుకోకండి. ఒక చెయ్యి పోతే రెండు చేతుల సైగలన్నీ పోయినట్టే. ఛాతీ ఎత్తులో ఏదైనా ఆసరాకు ఆనించి, తల పైనుంచి నడుము దాకా, రెండు మోచేతులూ ఫ్రేములో పట్టేలా సర్దుకోండి. దీపం మీ ముందు ఉండాలి, వెనక కిటికీ ఉంటే తెర వేయండి. నెట్ తడబడితే వేళ్లతో అక్షరాలు పేర్చే చోటే మొదట తెగుతుంది. పేర్లు, ఇంటి నంబర్లు మెల్లగా రెండుసార్లు పేర్చండి.

మిగతా రోజులు మామూలు మిషనరీ దినచర్యే: 6:30కి లేవడం, అరగంట వ్యాయామం, వ్యక్తిగత చదువు, జోడీతో (వెంట ఉండే తోటి మిషనరీతో) కలిసి చదువు, రాత్రి 10:30కి పడక. అయితే భాషా సాధన గంటను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. ఆ గంటలో పదాల చిట్టా బట్టీపట్టే బదులు, సంఘం తన పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని సైగల్లో విడుదల చేసిన వీడియోలో రెండు మూడు వచనాలు చూసి, ఆపి, అదే అర్థాన్ని మీ చేతులతో చెప్పి, జోడీ చేత తప్పులు పట్టించుకోండి. ఇంగ్లిష్ వాక్యాన్ని పదానికి పదం సైగ చేయడం అందరూ చేసే తప్పు. ఈ భాష ఇంగ్లిష్ నుంచి పుట్టలేదు. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల పాఠశాల తెరిచినప్పుడు లోరాన్ క్లెర్క్ వెంట తెచ్చిన ఫ్రెంచి సైగలు, అక్కడి పిల్లల సైగలు కలిసి ఎదిగింది. బ్రిటిష్ సైగలకు దీనికి చుట్టరికం లేకపోవడానికి కారణమూ అదే. సైగ చేస్తూనే నోటితో ఇంగ్లిష్ మాట్లాడటం ఇంకో తప్పు. రెండిట్లో ఒకటి కుంటుతుంది, కుంటేది ఎప్పుడూ సైగే.

ఇళ్లకు వెళ్లేటప్పుడు తలుపు తట్టి లాభం లేదు. బెల్ నొక్కండి, చాలా ఇళ్లలో అది దీపాన్ని మిణుకు మిణుకుమనిపిస్తుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మాట్లాడే పెట్టె ఉంటే బయల్దేరే ముందే మెసేజ్ చేయండి. లోపలికి వెళ్లాక ఎక్కడ కూర్చుంటున్నారో చూసుకోండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి, వాళ్ల కళ్లలో కాదు. జోడీలో ఇద్దరూ పక్కపక్కన, ఆ ఇంటివాళ్లకు ఎదురుగా కూర్చోవాలి. ఒకరు సైగ చేస్తుంటే రెండోవారు ఆ సైగ చేసేవారినే చూడాలి. మీ చూపు ఎటు పోతే ఎదుటివాళ్ల చూపూ అటే పోతుంది.

పాఠం చెప్పేటప్పుడు ఈ వరస పాటించండి:

1. ఏ వచనం చూడబోతున్నారో సైగతో చెప్పండి.
2. పుస్తకమో వీడియోనో చూపించి, చేతులు ఒళ్లో పెట్టుకోండి.
3. వాళ్లు తల ఎత్తి మిమ్మల్ని చూసేదాకా ఆగండి. ఒకే క్షణంలో కాగితాన్నీ చేతుల్నీ చూడగల కళ్లు ఎవరికీ లేవు.
4. ఇప్పుడు వివరించండి. మనుషులను గాల్లో కుడివైపు, ఎడమవైపు నిలబెట్టి, చివరిదాకా ఆ చోట్లు మార్చకండి. మోర్మన్ గ్రంథంలోని ప్రవక్త లేహీని కుడివైపు పెట్టి రెండు నిమిషాలకు ఎడమవైపు చూపిస్తే కథ మొత్తం తలకిందులవుతుంది.
5. ‘అర్థమైందా’ అని అడక్కండి. ‘మీ మాటల్లో చెప్పండి’ అనండి.

ఆ చివరి మెట్టు దగ్గరే చాలామంది మోసపోతారు. తల ఊపడం అంటే ‘చూస్తున్నాను, కానివ్వండి’ అనే, ఒప్పుకున్నానని కాదు. మీ విషయంలోనూ అంతే. అర్థం కాకపోతే ‘మళ్లీ’, ‘మెల్లగా’ అని సైగ చేయండి. తెలియకుండా తల ఊపే మిషనరీని బధిరులు ఇట్టే పసిగడతారు, ఆ తర్వాత మనసులోని మాట చెప్పడం మానేస్తారు.

సైగల జోడీకి అప్పగించే ప్రాంతం చాలాసార్లు అనేక వార్డుల (సంఘపు స్థానిక సమాజాల) మీదుగా పరుచుకుని ఉంటుంది. అందుకే వారపు ప్రణాళిక వేసేటప్పుడు ఒక దిక్కు ఇళ్లన్నీ ఒకే రోజుకు కుదుర్చుకోండి, కారు మైళ్లు మిగులుతాయి. ప్రతి ఇంటికీ ముప్పావుగంట పాఠంతో పాటు వీడ్కోలుకు ఇంకో అరగంట కేటాయించండి. అతిశయోక్తి కాదు. బధిరుల వీడ్కోలు గదిలో మొదలై, గుమ్మం దగ్గర కొనసాగి, కారు పక్కన ముగుస్తుంది. మధ్యలో తెంపుకుని వెళితే మర్యాద తక్కువవుతుంది. కారులో నడిపేవారు సైగ చేయకూడదు. జోడీలో ఒకరు బధిరులైతే ఎర్రదీపం పడేదాకా ఆగాల్సిందే.

ఆసుపత్రికో కోర్టుకో దుబాసీగా రమ్మని సభ్యులు అడుగుతారు. మెత్తగా, కచ్చితంగా కాదనండి. మందు మోతాదు సైగ తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. వికలాంగుల హక్కులపై 1990 నాటి అమెరికా చట్టం ప్రకారం ఆసుపత్రి తన ఖర్చుతోనే దుబాసీని ఏర్పాటు చేయాల్సి ఉంటుంది. అక్కడికి వెళ్లి ఎలా అడగాలో మాత్రం చెప్పండి. ఒక ఇంటి కబురు ఇంకో ఇంట్లో ఎత్తకండి. బధిరుల లోకం చిన్నది, సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది.

ఆదివారం పని శనివారమే మొదలవుతుంది. ప్రార్థనాలయానికి వెళ్లి వెనక వరుసలో కూర్చుని చూడండి: వేదిక దగ్గర చేతులు కనబడుతున్నాయా, వెనక కిటికీ వెలుగు కొడుతోందా? రొట్టె, నీళ్లు ఆశీర్వదించే సంస్కార బల్ల వెనక మోకాళ్లూనిన యాజకుడు సైగల్లో ప్రార్థన చేయాల్సి ఉంటే బల్ల అంచు చేతులను మింగేస్తోందేమో తప్పక చూడండి. ఆ ప్రార్థనలో మాటలు ఖాయంగా ఉంటాయి. తప్పితే బిషప్ మళ్లీ చేయమంటారు. వినికిడి ఉన్నవాళ్ల వార్డులో అయితే దుబాసీ నిలబడే చోటుకు ఎదురుగా ముందు వరుసలు ఖాళీగా ఉంచండి, వేదికకు దుబాసీకి మధ్య పూల కుండీలు తీసేయండి. 60 నిమిషాల సంస్కార సమావేశానికి ఒక్క దుబాసీ చాలరు. ఇద్దరుండి, పదిహేను ఇరవై నిమిషాలకోసారి మారాలి. చేతులకన్నా ముందు మెదడు అలిసిపోతుంది.

ప్రార్థనలో కళ్లు మూయకండి, మూస్తే ప్రార్థనే అందదు. అందరి దృష్టి కావాలంటే దీపం రెండుసార్లు ఆర్పి వెలిగించండి. చూపు కూడా లేని సభ్యులు ఉంటే వాళ్ల చేతులను మీ చేతుల మీద తేలిగ్గా ఆననిచ్చి, వేగం సగానికి తగ్గించి సైగ చేయండి. గదిలో ఎవరు వచ్చారో, ఎవరు నవ్వారో కూడా చెప్పండి. పట్టుకుని లాగకండి, మీ చెయ్యి కిందికి తెచ్చి వాళ్లే అందుకునేలా పెట్టండి.

రాత్రి పడుకునే ముందు మణికట్లు, భుజాలు సాగదీయండి. నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ఓర్చుకోకుండా మిషన్ నాయకులకు చెప్పండి. ఈ పనిలో గొంతు పోవడం అంటే అదే.