మహమ్మారి వేళ మొబైల్ – పాఠం 3: రోజూ పంపే ఒక్క మెసేజ్

పోయిన పాఠంలో, జబ్బు సోకినవారిని దగ్గరగా కలిసినవాళ్ల జాబితా తయారుచేశాం. ఇక ఆ జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరినీ రోజూ పలకరించాలి. ఆ పలకరింపును ఎస్సెమ్మెస్‌గా రాయడం ఈరోజు నేర్చుకుందాం. యాప్ వదిలేసి ఎస్సెమ్మెస్ ఎందుకంటే, బటన్ల ఫోన్‌కైనా, నెట్ లేని ఫోన్‌కైనా అది చేరుతుంది.

ఎన్ని రోజులు అడగాలన్నది జబ్బును బట్టి ఉంటుంది. ఎబోలా సోకాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది కాబట్టి, దానికి 21 రోజులు. 2014 జూలైలో ఎబోలా నైజీరియాలోని లాగోస్‌కు చేరినప్పుడు అక్కడి సిబ్బంది 894 మందిని ఇలాగే కనిపెట్టుకుని ఉన్నారు. ఇళ్లకు వెళ్లి చూసినవే దాదాపు 18,500 సార్లు. మొత్తం 20 కేసులతో వ్యాప్తి ఆగింది. అక్టోబర్ 20న ఆ దేశం ఎబోలా నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అంత తిరుగుడు తిరిగే మనుషులు మన దగ్గర ఉండకపోవచ్చు. ఉన్న కొద్దిమందీ ముందు ఎవరి తలుపు తట్టాలో తెలియాలంటే మెసేజ్ కావాలి.

ఇప్పుడు ఈ మెసేజ్ చూడండి:

"మీకు జ్వరం లేదా దగ్గు లేదా ఆయాసం ఉందా? అవును/కాదు అని తెలపండి."

చదవడానికి బాగానే ఉంది, పనికి మాత్రం రాదు. "అవును" అని జవాబొస్తే మూడింట్లో ఏది ఉన్నట్టు? దగ్గుకూ ఆయాసానికీ చాలా తేడా ఉంది. ఆయాసం అంటే వెంటనే ఫోన్ చేయాలి. పైగా మన భాషలో "లేదా"తో ఒక చిక్కుంది. హడావిడిగా చదివేవాళ్లకు "జ్వరం లేదా" అన్నచోటే ప్రశ్న అయిపోయినట్టు అనిపిస్తుంది. జ్వరం లేనివాళ్లు "అవును, లేదు" అంటారు. అసలు "ఉందా" అని అడిగితే తెలుగువాళ్లెవరూ "కాదు" అనరు, "లేదు" అంటారు. అందుకే ఒక మెసేజ్‌కి ఒక్కటే ప్రశ్న, జవాబుకి అంకె:

"జ్వరం ఉందా? ఉంటే 1, లేకపోతే 2 పంపండి."

ఇక పొడవు సంగతి. ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో 70 మాత్రమే. అవీ మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ ఫోన్ విడివిడిగా లెక్కేస్తుంది. "జ్వరం" కంటికి రెండక్షరాలే, ఫోన్ లెక్కలో జ, పొల్లు, వ, ర, సున్నా కలిపి 5. పై మెసేజ్ మొత్తం ఖాళీలతో సహా 37. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ విడిగా ఖర్చు పడుతుంది. సిగ్నల్ సరిగా లేనిచోట ఒక ముక్క రాకపోతే మిగతాదీ కనిపించకపోవచ్చు.

మిగిలిన చోటును పేరుకి వాడండి. ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో ముగ్గురు జాబితాలో ఉంటే, ఆ "1" ఎవరిది? "లక్ష్మి గారికి జ్వరం ఉందా? ఉంటే 1, లేకపోతే 2 పంపండి." ఇది 52, హాయిగా సరిపోతుంది. ఒకరి జవాబు వచ్చాకే రెండోవారి మెసేజ్ పంపండి. పేరు పెట్టండి గానీ జబ్బు పేరు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియదు. పక్కవాళ్ల కంట పడితే ఆ ఇంటివాళ్లను వెలివేసినట్టు చూస్తారు. దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని బతిమాలుతున్నాను. ఒకసారి భయపడ్డవాళ్లు మళ్లీ నిజం చెప్పరు.

థర్మామీటర్ ఉన్న ఇంట్లో నేరుగా అంకె అడగండి. 38 అన్నా 100.4 అన్నా ఒకటే కాబట్టి ఏ కొలతలో పంపినా కంగారు లేదు, అంకె చూస్తేనే సెల్సియస్సో ఫారెన్‌హీటో తెలిసిపోతుంది.

"కొంచెం ఒళ్లు వెచ్చగా ఉంది" అని మాటల్లో జవాబిచ్చేవాళ్లుంటారు. దాన్ని తప్పు జవాబుగా తీసేయకుండా మనిషి చదివేలా పక్కన పెట్టించండి. అసలు జవాబే రాకపోతే? దాన్ని "2" కింద జమ కట్టకండి. బాగున్నవాళ్లూ మర్చిపోతారు, లేవలేని స్థితిలో ఉన్నవాళ్లూ పంపలేరు. సాయంత్రంలోపు జవాబు రాని ప్రతి నంబర్‌కూ ఎవరో ఒకరు ఫోన్ చేయాల్సిందే.

అభ్యాసం: ఆయాసం గురించి 70 దాటకుండా, పేరుతో సహా ఒక మెసేజ్ రాయండి. "ఊపిరి ఆడటం లేదా?" అని రాస్తే పాత చిక్కే మళ్లీ వస్తుంది. "మాట్లాడుతుంటే ఆయాసం వస్తోందా?" లాంటిది ప్రయత్నించండి. రాశాక, ఈ పాఠం చదవని ఒకరికి ఫోన్‌లో పంపి, ఏం అర్థమైందో వాళ్లనే చెప్పమనండి. వచ్చే పాఠంలో, "1" అని జవాబొచ్చిన తర్వాతి గంటలో ఎవరు ఏం చేయాలో చూద్దాం.