పోకర్: స్మాల్ బ్లైండ్‌లో చిప్స్ కదిపే ముందు చూసుకోవాల్సినవి

ముందే చెప్పాలి: డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. కాబట్టి ఇది ఫ్రెండ్స్‌తో ఉత్తి చిప్స్ ఆట కోసమే. నో లిమిట్ హోల్డెమ్ (పందేనికి పరిమితి లేని పోకర్), బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక వేసే పందేలు) 50–100 అనుకుందాం: 50 వేసే స్మాల్ బ్లైండ్ మీరు, 100 వేసే బిగ్ బ్లైండ్ మీ పక్కవాడు.

- వేసేసిన 50 ఇక మీది కాదు. “సగం ఎలాగూ వేశాం కదా” అని కాల్ (అవతలి పందేనికి సమానంగా వేయడం) చేయొద్దు.

- బటన్ (డీలర్ స్థానంలో ఉన్నవాడు) 250కి పెంచితే మీరు ఇంకో 200 వేయాలి, పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్‌లో) 400 ఉంది. లెక్కకి మూడింట ఒక వంతు గెలిచినా చాలు. కానీ ఫ్లాప్ (బల్లమీద తెరిచే మొదటి మూడు ముక్కలు) నుంచి చివరిదాకా ముందు మాట్లాడాల్సింది మీరే. పైగా బిగ్ బ్లైండ్ ఇంకా మిగిలే ఉన్నాడు, అతను మళ్లీ పెంచితే మీ 200 గోవిందా. అందుకే మంచి ముక్కలుంటే 1,000 దాకా రీరైజ్ (మళ్లీ పెంచడం), లేదంటే ఫోల్డ్ (ముక్కలు వదిలేసి తప్పుకోవడం). వేర్వేరు గుర్తుల రాజు–ఏడు అయితే పడేయండి, రాజు మొహం చూసి మొహమాటపడకండి.

- ముగ్గురు లింప్ చేశారా (పెంచకుండా 100 మాత్రమే వేశారా)? 50కే చిన్న జతలు, ఒకే గుర్తు వరస ముక్కలు ఆడొచ్చు.

- అందరూ తప్పుకుని మీరూ బిగ్ బ్లైండూ మాత్రమే మిగిలితే 300కి ధైర్యంగా పెంచండి. అవతలివాడు ఏదొచ్చినా కాల్ చేసే రకమైతే మాత్రం చెత్త ముక్కలతో బ్లఫ్ వద్దు.

- మీ స్టాక్ (దగ్గరున్న చిప్స్) 1,500 లోపే ఉంటే రీరైజ్ బదులు ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టేయడం).