ముదిరిన క్యాన్సర్‌కి క్లినికల్ ట్రయల్: ఎప్పుడు అడగాలి, ఎలా వెతకాలి, ఏం చూసి సంతకం పెట్టాలి

ట్రయల్ (కొత్త చికిత్సని పేషెంట్ల మీద పరీక్షించే అధ్యయనం) ఉందా అని అడగాల్సింది ఉన్న మందులన్నీ అయిపోయాక కాదు. స్కాన్‌లో గడ్డ పెరిగిందని తెలిసిన రోజే, తర్వాతి కీమో ఎక్కించకముందే అడగాలి. ఇప్పటికే ఎన్ని రకాల చికిత్సలు వాడారన్నదానికి చాలా ట్రయల్స్‌లో పరిమితి ఉంటుంది. చివరి కీమో తర్వాత రెండు నుంచి నాలుగు వారాలు ఆగమంటారు కూడా. "ఈలోపు ఒక సైకిల్ ఇప్పించేద్దాం" అన్న తొందరలో చేజారే అవకాశాలే ఎక్కువ.

మన దేశంలో మందుల ట్రయల్స్‌ని సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా) అనే ఆన్‌లైన్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. అందులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. "నాలుగో స్టేజి" అని కొడితే పెద్దగా దొరకదు. అవయవం పేరుతో, బయాప్సీలో తేలిన ఈజీఎఫ్ఆర్, హెర్2 లాంటి జన్యువుల పేర్లతో, క్యాన్సర్ అనీ కార్సినోమా అనీ రెండు రకాలుగానూ వెతకండి. రిక్రూట్‌మెంట్ స్థితి ఇండియాకి వేరుగా, ప్రపంచమంతటికీ వేరుగా ఉంటుంది. మీకు కావాల్సింది మొదటిది. ఆ సమాచారం ఒక్కోసారి పాతబడి ఉంటుంది కాబట్టి రైలెక్కే ముందు అక్కడిచ్చిన నంబరుకి ఫోన్ చేయండి.

ఫోన్ చేసేటప్పుడు ఒక కాగితం దగ్గరుంచుకోండి: ఏ మందు, ఎప్పుడు మొదలైంది, చివరి డోసు ఏ తేదీన, ఎందుకు ఆపారు. పేషెంట్ తన పనులు తాను చేసుకుంటూ తేలికపాటి పని కూడా చేయగలిగితే ఈసీఓజీ స్కోరు (పేషెంట్ ఎంత చురుగ్గా ఉన్నారో చెప్పే కొలత) 0 లేదా 1. ఎక్కువ ట్రయల్స్ కోరేది అదే. కొలవడానికి వీలైన గడ్డ కూడా ఉండాలంటారు: సీటీలో కనీసం 10 మిల్లీమీటర్లు, లింఫ్ గ్రంథి అయితే అడ్డంగా 15. కడుపులో నీరు మాత్రమే ఉంటే లెక్కలోకి రాదు. స్కాన్ ఫిల్ములు చాలవు, సీడీ తీసుకెళ్లండి.

ఎక్కువమంది ఆగిపోయేది బ్లాక్ దగ్గర. బయాప్సీ ముక్కని మైనంలో పొదిగి, ఆ దిమ్మని (అదే బ్లాక్) పాథాలజీ విభాగంలో భద్రపరుస్తారు. ట్రయల్ కోసం చేసే జన్యు పరీక్షకి ఆ బ్లాకో, దాని నుంచి కోసిన రంగు వేయని స్లైడ్లో కావాలి. రిపోర్టు జిరాక్స్ పనికిరాదు. మొదట బయాప్సీ చేసిన ఆసుపత్రికి అర్జీ పెట్టి తీసుకోవాలి, దానికి రోజులు పడుతుంది. ఎముక నుంచి తీసిన ముక్కని మెత్తబరచడానికి యాసిడ్ వాడి ఉంటే డీఎన్ఏ చెడిపోయి పరీక్ష ఫెయిలవుతుంది. బయాప్సీకి ముందే "జన్యు పరీక్షకి పంపాలి" అని చెప్పడం మంచిది. ముక్క చాలకపోతే రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఉంది. అయితే గడ్డ నుంచి రక్తంలోకి వచ్చే డీఎన్ఏ తక్కువైతే, జన్యువులో మార్పు ఉన్నా "లేదు" అని రావచ్చు. నెగెటివ్ వచ్చిందని అక్కడితో వదిలేయకండి.

నాటుమందు, పసరు, కషాయం ఏది వాడుతున్నా దాచొద్దు. లివర్ ఎంజైములు పెరిగితే ఆ నెపం కొత్త మందు మీద పడి డోసు ఆపేస్తారు. కొన్ని మాత్రలతో పంపరపనస కూడా వద్దంటారు, రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుందని.

సమ్మతి పత్రం తెలుగులో అడగండి. ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టండి, ఒక కాపీ మీ దగ్గరుంచుకోండి. చదవడం రానివారికి ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. ట్రయల్ మందుకి డబ్బు అడిగితే అనుమానించండి. స్కాన్లు, ప్రయాణం, మామూలు కీమో ఖర్చు ఎవరిదో రాతలో చూసుకోండి. ఫేజ్ 1 (మొదటి దశ) ట్రయల్ అయితే ముఖ్యంగా డోసు ఎంతవరకు భద్రమో తేల్చేదని గుర్తుంచుకోండి. ఎప్పుడైనా మానుకోవచ్చు, దానివల్ల మామూలు చికిత్స ఆగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఉచిత వైద్యం, నష్టపరిహారం అందాలి.

ట్రయల్‌లో చేరాక ఇచ్చే కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. రాత్రి జ్వరమొచ్చి ఊళ్లోని ఆసుపత్రిలో చేరినా అది డాక్టరుకి చూపించి, ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌కి వెంటనే ఫోన్ చేయండి. తీవ్రమైన దుష్ప్రభావాన్ని 24 గంటల్లో ట్రయల్ నడిపేవాళ్లు పైకి తెలపాలి, మీరు చెబితేగానీ వాళ్లకి తెలియదు.