మేస్త్రీ లేకపోతే కథ కదలదు

కూకట్‌పల్లిలో ఆదివారాలు మేం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం: తలా ఒక పాత్ర వేసుకుని, పాచికలేస్తూ కథ అల్లుకునే ఆట. కథ చెప్పేది నేను. అది గోల్కొండ చుట్టూ తిరుగుతుంది. ఐదు పాత్రల్లో రెండే కథను నడిపేవి. మిగతావాళ్లు పాచికలేసి ఊరుకునేవాళ్లు. 2018లో వచ్చిన వీడియో గేమ్ ఆక్టోపాత్ ట్రావెలర్‌లోనూ ఇదే వెలితి: ఎనిమిది మంది, ఎవరి కథ వాళ్లదే. 2010 నాటి మాస్ ఎఫెక్ట్ 2 అలా కాదు. తోటివాళ్ల సొంత గొడవ తీర్చకపోతే ఆఖరి దాడిలో వాళ్ల ప్రాణాలే పోవచ్చు.

అదే పట్టుకున్నా. ఒక్కొక్కరి గతంలోంచి ఒక ముడి తెచ్చి అసలు కథకు వేశాను. తాపీమేస్త్రీ పాత్రనే చూడండి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడుతుందని మా కథలో అతనొక్కడికే తెలుసు. శత్రువు వచ్చిన రాత్రి ఆ చప్పట్లే కోటను కాపాడాయి. ఆ పాత్ర ఆడే కుర్రాడు ఇప్పుడు వారం మధ్యలోనే మెసేజ్ పెడుతున్నాడు: "అన్నా, మా మేస్త్రీ వాళ్ల నాన్నను చంపిందెవరు?"