రాగి మాల్ట్ తియ్యగా రావడం లేదా? మొలక నుంచి పొయ్యి దాకా సమస్యలు, పరిష్కారాలు

రాగులు నానబెట్టి, మూటకట్టి, ఎండబెట్టి, పిండి పట్టించి జావ కాచుకోవడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లకు కొత్తేమీ కాదు. అయినా "ఇంత తిప్పలు పడి మొలక కడితే మామూలు రాగి జావకీ దీనికీ తేడా ఏముంది?" అని అడిగేవాళ్లు ఎక్కువ. తేడా కచ్చితంగా ఉండాలి. మొలకెత్తే గింజలో అమైలేజ్ అనే ఎంజైము తయారవుతుంది. గింజలోని గంజి పదార్థాన్ని అది ముక్కలు చేసి చక్కెరగా మారుస్తుంది. అందుకే మంచి మాల్ట్‌తో, అంటే మొలకల పిండితో, కాచిన జావ బెల్లం వెయ్యకముందే కాస్త తియ్యగా ఉంటుంది, గరిట నుంచి జారుతుంది. అలా రాలేదంటే ఎంజైము పుట్టనైనా లేదు, పుట్టి వేడికి చచ్చిపోయైనా ఉంటుంది. ఎక్కువ ఇళ్లల్లో జరిగేది రెండోదే.

సమస్య: జావలో తీపి లేదు, ముద్దలా బిగిసింది

కారణం: మరిగే నీళ్లలో మాల్ట్ పిండి వేశారు. ఈ ఎంజైము 55 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుగ్గా పనిచేస్తుంది. 80 దాటితే నిమిషాల్లో పోతుంది. అలాగని చల్లటి నీళ్లలో కలిపినా లాభం లేదు. గంజి పదార్థం ఉడికి ఉబ్బితేనే ఎంజైముకు అందుతుంది, అందుకు దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి. అంటే ఉడకడానికి ఎక్కువ వేడి కావాలి, తీపి రావడానికి తక్కువ వేడి కావాలి. రెండూ ఒకే గిన్నెలో ఒకేసారి కుదరవు.

పరిష్కారం: పిండిని రెండుగా విడదీయండి. మూడు వంతులు మామూలు రాగిపిండి, ఒక వంతు మొలకల పిండి. ముందు మామూలు పిండిని చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిక్కటి జావగా అయిదారు నిమిషాలు బాగా ఉడికించి దించండి. ఇప్పుడు ఒక గ్లాసు చిక్కటి జావకు ఒక గ్లాసు మామూలు నీళ్ల లెక్కన పోసి కలపండి. మరిగేది 100 డిగ్రీలు, కుండలో నీళ్లు 30 డిగ్రీలు, రెండూ సమానంగా కలిస్తే 65 దగ్గర నిలుస్తుంది. ఎండాకాలం నీళ్లు కాస్త వెచ్చగా, డిసెంబరు పొద్దున కాస్త చల్లగా ఉన్నా మనకు కావలసిన హద్దు దాటదు. థర్మామీటరు ఉంటే మంచిదే, లేదని ఆగక్కర్లేదు.

అప్పుడు మొలకల పిండిని కొద్ది నీళ్లలో కలిపి పోసి, మూతపెట్టి, గిన్నెకు మందపాటి తువ్వాలు చుట్టండి. హాట్‌ప్యాక్ ఉంటే అందులో పోయండి, ఇంకా మేలు. అయిదు నిమిషాలయ్యాక ఒక్కసారి మూత తీసి కలపండి. అంతవరకూ గరిటను పట్టి లాగిన జావ చప్పున వదులవుతుంది. గరిట పైకెత్తితే ముద్దగా పడడం మానేసి సన్నటి ధారగా జారుతుంది. నీళ్లు ఒక్క చుక్క పెంచకుండా వచ్చిన పలుచదనం అది. అరగంట ఉంచాక మళ్లీ పొయ్యి మీద పెట్టి మూడు నాలుగు నిమిషాలు తప్పకుండా మరిగించండి. మొలకల పిండిలో సూక్ష్మజీవులు ఎక్కువ, గోరువెచ్చటి జావలో అవి తొందరగా పెరుగుతాయి. పాలు, బెల్లం ఆ తర్వాతే.

ఆరు నెలలు నిండి పైఆహారం మొదలుపెట్టిన పిల్లలున్న ఇళ్లకు ఈ పద్ధతి ఎంతో ఉపయోగం. చిక్కటి జావ బిడ్డ మింగలేదని నీళ్లు కలుపుతూ పోతే గిన్నెడు తాగినా పొట్టలోకి పోయే పిండి కొంచెమే. మాల్ట్‌తో పలుచన చేస్తే పిండి తగ్గదు, బిడ్డకు మింగడం తేలికవుతుంది.

తీపి ఎంతవరకు వచ్చిందో చూడాలంటే మందుల షాపులో దొరికే టించర్ అయోడిన్ చాలు. మరిగించేముందు తెల్ల సాసరులో అరచెంచా జావ వేసి చల్లారాక ఒక చుక్క వెయ్యండి. ముదురు నీలం వస్తే గంజి ఇంకా మిగిలుంది, మరో పావుగంట ఉంచండి. రంగు ఎరుపు, గోధుమ వైపు తిరిగితే పని బాగా నడుస్తోందని అర్థం. ఆ సాసరులోది పారబొయ్యాలి, గిన్నెలో కలపకూడదు.

బీరు కాచేవాళ్లు బార్లీ మాల్ట్‌తో చేసే మొదటి పనీ ఇదే, 65 డిగ్రీల దగ్గరే. వాళ్లు ఆ తియ్యనీళ్లలో ఈస్టు కలుపుతారు. ఇంట్లో ఆ పని పెట్టుకోకండి, లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం మన రాష్ట్రంలో నేరం.

సమస్య: అన్నీ చెప్పినట్టే చేసినా జావ పలుచబడలేదు

ఇప్పుడు అనుమానం పిండి మీదే. కమ్మటి వాసన కోసం మొలకలను బాణలిలో దోరగా వేయించి ఉంటారు, దాంతో ఎంజైము పోయింది. వాసన కావాలంటే మామూలు రాగులను వేయించుకోండి, మొలకలను వేయించొద్దు. ఎంజైము పోయే రెండో దారి డాబా. మే నెల మధ్యాహ్నం డాబా నేల మీద అరికాలు నిలవదు, తడి మొలకలను తిన్నగా అక్కడ పరిస్తే వేడికి పాడవుతాయి. తడిగింజకు వేడి చేసే చెడుపు ఎండిన గింజకు చెయ్యదు. అందుకని మొదటిరోజు నీడలో గాలికి ఆరనిచ్చి, మర్నాడు గుడ్డ మీద ఎండకు పెట్టండి.

సమస్య: మొలక రాలేదు, కొన్నే వచ్చాయి

పాత గింజ కావచ్చు. గిన్నెలో గంటల తరబడి నీళ్లు మార్చకుండా ముంచితే గాలాడక కూడా చస్తాయి. పది పన్నెండు గంటలు నానితే చాలు, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. రోహిణి కార్తెలో గుడ్డ గంటలో ఎండిపోతుంది, తడుపుతూ ఉండాలి. మొత్తం నానబెట్టేముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి రెండు రోజులు చూడండి, తొంభైకి తగ్గితే ఆ రాగులు సంగటికి వాడుకోండి. విత్తనాల షాపు నుంచి మాత్రం తేవద్దు. విత్తనశుద్ధి మందు పట్టించిన గింజ కడిగినా తినడానికి పనికిరాదు.

సమస్య: మూట విప్పితే వాసన, తెల్లటి నూగు

నూగు చూసి వెంటనే పారెయ్యకండి. మొలక వేళ్లకు సహజంగానే సన్నటి తెల్లటి నూగు వస్తుంది. నీళ్లు చిలకరిస్తే అది వేరుకు అతుక్కుని మాయమైపోతుంది. చిలకరించినా గింజ నుంచి గింజకు సాలెగూడులా అల్లుకునే ఉండి, ముక్కవాసన వస్తే బూజు. నలుపు, పచ్చ, గులాబి ఏ రంగు కనిపించినా, జిగురు సాగినా మొత్తం పారెయ్యాలి. బాగున్నవి ఏరుకోవడం కుదరదు, బూజు విషాలు కొన్ని మరిగించినా వేయించినా పోవు. కారణం దాదాపు ఎప్పుడూ మందంగా మూటకట్టడమే. లోపల వేడెక్కి ఉడుకుతుంది. వేలి మందం మించకుండా పరిచి, పొద్దున సాయంత్రం కడిగి, నీళ్లు ఓడ్చండి. మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రెండు రోజుల ఎండ ఉంటుందన్న నమ్మకం లేకపోతే ఆ నెలల్లో గింజ నానబెట్టొద్దు.

సమస్య: చేదు, కారం

చేదు వేళ్లది. ఎండాక చేతులతో నలిపి చేటలో చెరిగితే పోతాయి. కారం పిండి మిషనుది. మన ముందు ఎవరో మిరపకాయలు పట్టించి ఉంటారు. బియ్యం పట్టించినవాళ్ల వెనక పోయించమని మిషను ఆయనకు చెప్పండి.

రాగులకు బదులు జొన్నలు మొలకకట్టి ఇదే పద్ధతి చేద్దామనుకునేవాళ్లు ఆగండి. జొన్న మొలకలో, వేళ్లలో సైనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. పిల్లల జావకు రాగులే వాడండి.

సమస్య: పదిరోజులకే పిండికి పురుగు, ముక్కవాసన

గింజ పూర్తిగా ఎండకముందే పట్టించారు. పంటి కింద పెట్టి కొరికితే టక్కుమని విరగాలి, అణిగితే ఇంకోరోజు ఎండ కావాలి. మిషను నుంచి వేడిగా వచ్చిన పిండిని వెంటనే డబ్బాలో మూతపెట్టకుండా పళ్లెంలో పరిచి చల్లార్చండి. నెలకు సరిపడా మాత్రమే పట్టించుకుని, మిగిలిన మొలకలను గింజగానే గాలి చొరని డబ్బాలో దాచుకోండి.