గోలీ సోడా సీసాలో తెల్లపొర ఎలా వదిలించానంటే

విజయవాడ వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్టులో దొరికిన గోలీ సోడా సీసా ఇది. 1872లో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ పేటెంట్ పొందిన డిజైన్. లోపలంతా తెల్లపొర కట్టింది, గోలీ అడ్డం కాబట్టి బ్రష్ దూరదు.

ముందు కాస్త వెనిగర్ పోసి చూశాను. సన్నగా బుడగలు వచ్చాయి. అంటే అది బోరు నీళ్ల సున్నమే, వదులుతుంది. వెనిగర్‌కి కదలని మసక అయితే గాజే దెబ్బతిన్నట్టు. దానికి సీరియం ఆక్సైడ్ అనే గాజు పాలిష్ పొడితో పాలిష్ పట్టాల్సిందే.

గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నింపి రాత్రంతా ఉంచాను. మరిగే నీళ్లు మాత్రం పోయకండి, పాత గాజు చిట్లుతుంది. అడుగున మిగిలిన మడ్డికి గుప్పెడు బియ్యం, సబ్బు నీళ్లు పోసి తిప్పాను. ఇక్కడే జాగ్రత్త కావాలి: మెడలో రెండు నొక్కులుంటాయి, గోలీ వాటి మీద ఆగేలా సీసాని పక్కకు వంచి మెల్లగా తిప్పాలి. గట్టిగా ఊపితే గోలీ తగిలి లోపల గాజు పెచ్చులూడుతుంది.

ఆరబెట్టేటప్పుడూ అంతే. తలకిందులు చేస్తే గోలీ మూతికి అడ్డుపడి నీళ్లు లోపలే ఉండిపోతాయి, నొక్కుల వైపు ఓరగా వాల్చాలి. ఆఖరి కడుగుడు ఆర్‌వో నీళ్లతో చేశాను, లేకపోతే మళ్లీ మరకలు పడతాయి.

మూతిలోని పాత రబ్బరు రింగు గట్టిపడింది, అయినా పీకలేదు. అది ఉంటేనే సీసాకి అందం.