అడవికి పోయేటప్పుడు నడుముకి ఏం కట్టుకోవాలి

చైత్ర పౌర్ణమి దగ్గర పడిందంటే సలేశ్వరం (నల్లమల అడవి లోయలో ఉండే శివుడి గుడి) జాతరకి పోతున్నాం, ఏమేం సర్దుకోవాలి అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, నల్లమలలో పర్మిషన్ ఉన్న వేరే దారుల్లో ట్రెక్‌కి పోయేవాళ్ళకి కూడా పనికొస్తుందని అంతా ఒకేచోట రాసేస్తున్నా. వీడియోల్లో చూపించే పెద్ద కత్తి, చెకుముకి రాయి టైపు కిట్ కాదు ఇది. మీరు పోయేది చెట్లు కొట్టి గుడిసె వేసుకోడానికి కాదు, దారి తప్పితేనో మడమ బెణికితేనో ఒక్క రాత్రి గడిచి ఎవరో ఒకరి కంటపడేదాకా ఆగితే చాలు.

మొదటి రూల్, కిట్ బ్యాగ్‌లో కాదు, ఒంటి మీద ఉండాలి. నేను మొదటిసారి పోయినప్పుడు టార్చ్, మందులు, తాడు అన్నీ నీట్‌గా బ్యాగ్‌లో సర్దా, దిగుడులో మోకాళ్ళు లాగుతున్నాయంటే మా బామ్మర్ది "ఇటియ్యి బావా, నేను మోస్తా" అని తీసుకున్నాడు, "వస్తున్నాం లింగమయ్యా" అనుకుంటూ వచ్చే జనంలో పది నిమిషాలకే వాడెక్కడో నేనెక్కడో. సిగ్నల్ లేదు, ఫోన్‌లో 6 శాతం, చేతిలో సగం బాటిల్ నీళ్ళు. నాలుక పిడచకట్టుకుని ఎలాగో పైకొచ్చి చూస్తే నా కిట్ మొత్తం చెట్టు కింద మావాడి తలకింద దిండై ఉంది. అప్పట్నించి బెల్ట్ పౌచ్ తప్ప ఇంకోటి నమ్మను.

నీళ్ళు మాత్రం పౌచ్‌లో పట్టవు కాబట్టి భుజానికి వేసుకోండి. ఆ ఎండకి మనిషికి మూడు లీటర్లకి తగ్గకుండా పెట్టుకోండి, స్టీల్ బాటిల్సే తీస్కోండి, ఎలాగూ సలేశ్వరం ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి వాడిపారేసే ప్లాస్టిక్ రానివ్వరు. వాటిలో ఒకటి కచ్చితంగా లీటరుది ఉండాలి, ఎందుకంటే ఓఆర్ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్ళకి లెక్క, అర లీటర్‌లో మొత్తం వేసేస్తే ఉప్పు ఎక్కువైపోతుంది, సగం పొట్లం వేసి మిగతాది దాచుదామంటే చెమట చేతులకి ముద్దకట్టి కూర్చుంటుంది. కొనేటప్పుడు పొట్లం మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన తియ్యటి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి కొట్లాడితే 2025లో గానీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని చెప్పలేదు. రెండు పొట్లాలు, నాలుగు క్లోరిన్ బిళ్ళలు పెట్టుకోండి. వాగు నీళ్ళు తప్పదనుకుంటే కండువాలో వడకట్టి, బిళ్ళ ఎన్ని లీటర్లకో స్ట్రిప్ మీద చదివి, వేశాక అరగంట ఆగి తాగాలి.

తర్వాత విజిల్. నవ్వకండి, అరిస్తే పావుగంటకి గొంతు పోతుంది, విజిల్ పోదు. మెడలో వేసుకోండి, మూడుసార్లు ఊది ఒక నిమిషం ఆగి విని మళ్ళీ మూడుసార్లు. సరదాకి మాత్రం ఊదొద్దు, అది పులులుండే అడవి, పైగా రాళ్ళకి పెద్ద తేనెపట్లు ఉంటాయి, అక్కడ గోల చేయడం, సెంటు కొట్టుకుని పోవడం మంచిది కాదు.

తలకి కట్టుకునే టార్చ్ అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బ్యాటరీ ఒకటి తిరగేసి పెడితే సంచిలో దానంతటదే వెలిగి అయిపోదు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సిగ్నల్ వెతుక్కుంటూ చచ్చిపోతుంది. మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి.

మందుల్లో పారాసెటమాల్, అలర్జీకి సెట్రిజిన్, మీరు రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు ఒకరోజు ఎక్కువ, కాలి బొబ్బలకి అంటించే టేప్, ముళ్ళు తీయడానికి పిన్నీసులు. ఒక క్రేప్ బ్యాండేజ్, అది మడమ బెణికితే చుట్టడానికి, పాము కరిస్తే బిగించి కట్టడానికి కాదు. పాము విషయంలో కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయొద్దు, ఉంగరాలు, కడియాలు తీసేసి, నడవనివ్వకుండా మోసుకుని యాంటీవెనం ఉన్న ఆసుపత్రికి చేర్చడమే.

తినడానికి రెండు పల్లీ చిక్కీలు చాలు, చాక్లెట్ ఆ ఎండకి పాయసమైపోతుంది. కప్పుకోడానికి అరచేతిలో పట్టే వెండిరంగు రేకు దుప్పటి, రాత్రి కప్పుకోవచ్చు, పగలు ఎండలో మెరిసి దూరానికి కనపడుతుంది కూడా.

అగ్గిపెట్టె వద్దంటే చాలామంది ఒప్పుకోరు. కానీ చైత్రంలో రాలినాకు అప్పడంలా ఉంటుంది, మీరు చలిమంట అనుకున్నది కొండంతా పాకుతుంది, పైగా అక్కడ నిప్పు పెట్టడం నేరం. నేనైతే పెట్టుకోను.

ఆఖర్న ఒక చీటీ. పేరు, బ్లడ్ గ్రూప్, ఇంటివాళ్ళ నంబర్లు రెండు, 112, 108 రాసి జిప్ కవర్‌లో పెట్టండి. ఆరోజు వేరేవాళ్ళ ఫోన్ దొరికినా మా ఆవిడ నంబర్ నోటికి రాక పిచ్చోడిలా నిలబడ్డా. అన్నీ సర్దాక ముందురోజు రాత్రి లైట్ ఆర్పేసి పౌచ్‌లోంచి టార్చ్ ఒంటిచేత్తో తీసి చూడండి, తడుముకుంటున్నారంటే జిప్ పక్క జేబులోకి మార్చండి.